దాచిపెట్టిన నౌకరీ

నూకరత్నం తడిగుడ్డతో గ్యాసు సిలిండరును పైనుంచి కిందిదాకా ఒక్క తుడుపు తుడిచి, ఎదురుగా గొంతుక్కూర్చుని చూసింది. పైనున్న తడి చూస్తుండగానే ఆరిపోయింది. అడుగున నాలుగు వేళ్ళ మందాన మాత్రం నిలిచింది. లోపల గ్యాసు ఎంతవరకు ఉందో అంతవరకే తడి నిలుస్తుంది. నాలుగు వేళ్ళంటే గట్టిగా వారం. అదీ బియ్యం నానబెట్టి, పప్పు నానబెట్టి, కుక్కరు ముందే కట్టేసి, స్నానానికి వేడినీళ్ళ ఊసెత్తకపోతే. పింఛను పడేది ఆ తరవాతెప్పుడో. సిలిండరును అరచేత్తో ఒక్కటి చరిచి లేచింది. అది డొల్లగా మోగింది.

నిమ్‌పురా రైల్వే యార్డు వెనక, ఖరగ్‌పూర్‌లో, ఒంటిగది ఇల్లది. పైన రేకులు. యార్డులో పెట్టెకు పెట్టె తగిలించినప్పుడల్లా అలమరలో గ్లాసులు గలగలమంటాయి. గది మధ్య పాత చీర అడ్డం కట్టి ఇటు వంట, అటు పడక. అటువైపు కొడుకు బుజ్జిబాబు ఫ్యాను కింద బోర్లా పడుకున్నాడు. పద్దెనిమిది నిండిన ఒళ్ళు, కాళ్ళు మంచం దాటి బయటికి వచ్చేశాయి. ఇటువైపు కూతురు మౌనిక పీట మీద కూర్చుని చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటోంది. న్యూ సెటిల్‌మెంటు రైల్వే క్వార్టర్లలో పిల్లలకి ట్యూషను చెప్పడానికి పోవాలి. చెరగని బొట్టు, నూనె పెట్టి బిగించిన జడ, మోచేతి దగ్గర చిరుగు కనబడకుండా మడిచిన చొక్కా చెయ్యి.

అన్నం ఉడుకుతున్న గిన్నెలోనే ఒక గుడ్డు కూడా ఉడుకుతోంది. ఒక మంట మీద రెండు పనులు. నూకరత్నం గుడ్డును గరిటెతో తీసి చన్నీళ్ళలో వేసి, పెంకు వలిచి, కొడుకు కంచంలో పెట్టి మూత వేసింది.

"ఆడు పాసైపోనాడు కదమ్మా. ఇంకా గుడ్డు దేనికి?" అంది మౌనిక.

"ఎదిగే పిల్లడే."

"నానూ ఎదిగినాను. ఉల్లిపాయతోటి."

నూకరత్నం పొయ్యి కట్టేసింది. గిన్నె వార్చింది. గంజి పారబొయ్యకుండా గ్లాసులో పోసి ఉప్పేసుకుని తాగింది. మౌనిక కంచం కడిగి బోర్లించి, సైకిలు తాళం తీసుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

"ఈయాల ఆఫీసుకి ఎల్తావు గదా. ఎవల పేరు సెప్తావు?"

"సూద్దాం."

"పదమూడేళ్ళ నుంచి సూత్తన్నావు. ఈయాలే ఆకరు రోజు."

పిల్ల సైకిలెక్కి వెళ్ళిపోయింది. నూకరత్నానికి ఒళ్ళు మండింది. పిల్ల మీద కాదు. ఎవరి మీదో తెలియక మరీ మండింది.

పదమూడేళ్ళ కిందట పొగమంచులో పట్టాల మీద పని చేస్తూ ఆమె మొగుడు సన్యాసిరావు ఇంజను కింద పడి పోయాడు. గ్యాంగ్‌మన్. మౌనికకి ఎనిమిదేళ్ళు, బుజ్జిబాబుకి ఐదు. డ్యూటీలో పోయినవాడి ఇంట్లో ఒకరికి రైల్వే నౌకరీ ఇస్తుంది. పెళ్ళాం తీసుకోవచ్చు. అక్కర్లేదంటే పిల్లలు పెద్దయ్యేదాకా అట్టే ఉంచమనొచ్చు. అప్పటికి నూకరత్నం ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. తెలుగు బడిలో ఎనిమిది చదివింది. రెండు చేతులూ బాగున్నాయి. చేస్తానంటే మర్నాడే చేర్చుకుందురు.

కానీ ఖరగ్‌పూర్‌లో మన తెలుగు వాళ్ళకి నౌకరీ అంటే జీతం కాదు. పొలం లాంటిది. తాత వర్క్‌షాపులో చేశాడు, తండ్రి చేశాడు, కొడుకు చెయ్యాలి. పెద్దకర్మ నాడు క్వార్టరు వరండాలో చాప వేసుకుని కూర్చున్న మగాళ్ళందరూ ఒకటే మాట అన్నారు: ఆడది ఎక్కితే నౌకరీ అక్కడితో అయిపోతుంది, మగపిల్లాడికి ఉంచాలి. ముందు అన్నది ఆమె బావగారు జగ్గారావు, సన్యాసిరావు అన్న, వర్క్‌షాపులో ఫిట్టరు. మిగతావాళ్ళు తలలూపారు. నూకరత్నం సంతకం పెట్టింది. ఉంచమని చెప్పిన వాళ్ళలో ఒక్కడు కూడా ఆ తరవాత ఆ ఇంటికి కిలో బియ్యం తెచ్చిన పాపాన పోలేదు.

గడువు తీరగానే క్వార్టరు వదిలింది. పింఛను వస్తుంది, అది అద్దెకీ తిండికీ సరిపోవలసిందే. కానీ దాచిన నౌకరీ చేతికి రావాలంటే పిల్లాడు పది పాసవ్వాలి. పాసవ్వడు. లెక్కల మాస్టరుకి కట్టింది, ఇంగ్లీషు మాస్టరుకి కట్టింది. రెండుసార్లు పరీక్ష తప్పాడు. ఓపెన్ బోర్డులో కట్టిస్తానన్న ఏజెంటుకి కట్టింది, ఏజెంటు పారిపోతే ఇంకో ఏజెంటుకి కట్టింది. పింఛనులో సగం పైగా ఆ పదో తరగతే మింగేసింది. అక్క మాత్రం రైల్వే గ్రౌండు వెనక సర్కారీ కాలేజీలో, ఎవరికీ చెప్పకుండానే, డిగ్రీ చదివి, పాసైపోయానని ఒక సాయంత్రం వచ్చి చెప్పింది. ఆ రోజు ఇంట్లో ప్రత్యేకంగా ఏమీ వండలేదు. పోయిన వారం బుజ్జిబాబు మూడో దండయాత్రలో అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. పాయసం కాచింది.

బయల్దేరుతుంటే బుజ్జిబాబు లేచి కూర్చున్నాడు. చెంప మీద దిండు ముద్ర. మెత్తని పిల్లాడు. ఎవరినీ ఒక మాటనడు, ఒక పని పూర్తి చెయ్యడు.

"అమ్మా, నాకు పట్టాల మీద పనొద్దే. నాన్న పోయిన కాడికి నన్నెందుకు తోలతావు? అక్కకిచ్చీ."

"నోర్మూసుకో. నీ కోసరమే దాసినాను. ఒద్దంటే సంపేత్తాను."

తలుపు దగ్గరికి వేసి, ముందు తాను కూలికెళ్ళే లాండ్రీ దారి పట్టింది. టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కితే ముందే చేరొచ్చు. ఎక్కలేదు.

రైళ్ళ ఏసీ పెట్టెల దుప్పట్లు ఉతికే షెడ్డు అది. మిషన్లలోంచి తడి గుట్టలు వస్తాయి, వేడి రోలరు కింద దూరి చదునై బయటపడతాయి. బల్లల దగ్గర ఆడవాళ్ళు నిలబడి మడత పెట్టి కట్టలు కడతారు. రెండు దుప్పట్లు, ఒక గలేబు, ఒక తువ్వాలు, కాగితం సంచిలో. మళ్ళీ రెండు దుప్పట్లు, ఒక గలేబు, ఒక తువ్వాలు. కూర్చోవడానికి లేదు. వేడికి, మందునీళ్ళకి నూకరత్నం వేళ్ళ కొసలు చీలి, చింతపండు పిసికితే భగ్గుమంటాయి. జుట్టులో తెల్లని నూగు, ముక్కులో నూగు, మధ్యాహ్నం తినే ముద్దలో నూగు. సంచిలో ఒక తువ్వాలు తక్కువైతే ఆ రోజు కూలీలో కోత. ఆమె మడిచిన దుప్పట్లు కప్పుకుని ఎవరెవరో మద్రాసుకీ ఢిల్లీకీ హాయిగా నిద్రపోయారు. ఆమె ఏసీ పెట్టె లోపలి గాలి ఎలా ఉంటుందో ఎరగదు.

గుత్తేదారు మారతాడు, కూలీ మారదు. ఎప్పుడన్నా పర్మనెంటు వాళ్ళు తనిఖీకి వస్తారు. మెడలో కార్డు వేసుకుని, బల్ల మీద ఒక దుప్పటి ఎత్తి మరక చూసి, దింపి పోతారు. వాళ్ళలో ఒకామె నూకరత్నం ఈడుదే. ఆ రోజు తాను సంతకం మరోలా పెట్టి ఉంటే ఈ పనే, ఈ చేతులతోనే, కార్డు వేసుకుని, నెల తిరిగేసరికి పదింతలు పుచ్చుకుంటూ, జ్వరమొస్తే రైల్వే ఆసుపత్రిలో పడుకుని చేసేది. ఈ ఆలోచన ఆమెకి రోజూ వస్తుంది. రోజూ దాన్ని దుప్పటితో పాటు మడిచి సంచిలో దూరుస్తుంది. ఇవాళ దూరలేదు.

సూపర్‌వైజరు టోని బల్ల దగ్గరికి వచ్చాడు. ఆంగ్లో-ఇండియన్ కుర్రాడు, తెలుగు వాళ్ళ క్వార్టర్ల లైన్లలో పెరిగినవాడు, మన యాసలోనే తిడతాడు.

"రత్నం దీదీ, నువ్వెల్లిపోతే ఆఫ్ డే కట్టయిపోతాది. ఠీక్ హై?"

"ఠీక్ కాదంటే కట్ సెయ్యవేటి?"

టోని నవ్వి, తల గోక్కుని, రాసుకుని పోయాడు. మంచివాడే. మంచితనం వల్ల ఎవరి కూలీ పెరగదు.

డివిజన్ ఆఫీసు గేటు దగ్గర జగ్గారావు ముందే వచ్చి నిలబడ్డాడు. రిటైరై చాలా కాలమైనా ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. మాతా పూజ కమిటీలో పెద్ద. ఊళ్ళో ఏ తెలుగు ఇంట్లో ఏ కాగితం కదలాలన్నా తానే కదిపానని చెప్పుకుంటాడు. నూకరత్నం తల మీద కొంగు లాక్కుని నాలుగడుగులు వెనక నడిచింది. బావగారి పక్కన నడవకూడదు. అదొక నియమం. ఆకలిగా ఉన్న మరదలింటికి బియ్యం పంపమనే నియమం మాత్రం ఎవరూ పెట్టలేదు.

లోపల నడవాలో పోలమ్మ ఎదురైంది. ఫైళ్ళు చంకలో పెట్టుకుని, పాన్ నములుతూ. పోలమ్మ మొగుడూ డ్యూటీలోనే పోయాడు, అదే ఏడు. ఆమె ఎవరినీ అడగలేదు. కొడుకున్నా సరే, తానే వెళ్ళి ప్యూనుగా చేరిపోయింది. మొగుడు పోయి చీర మార్చకముందే నౌకరీ కట్టుకుందని లైనంతా కూసింది. నూకరత్నం కూడా కూసింది, దాచేదేముంది. ఇవాళ పోలమ్మకి సుభాష్‌పల్లిలో సొంత ఇల్లు. కొడుకు మంచి కాలేజీలో ఉన్నాడు, నౌకరీ కోసం ఎవరి చావూ అక్కర్లేని చదువు చదువుతున్నాడు.

జగ్గారావు వెల్ఫేరు గుమాస్తా గదిలోకి తొంగి చూస్తుంటే పోలమ్మ ఆమెను గోడ వారకి లాగింది.

"ఒలే రత్నం, నాను నౌకరీకి ఎక్కిన రోజు మీ బావగారు నన్ను సూసి ఉమ్మినాడు. ఇప్పుడు ఆయన పింఛను కాయితాలు నానే ఆఫీసరు బల్ల మీద ఎడతన్నాను, దీదీ దీదీ అంటాడు. ఆల మాటలు అంతే. పిల్లకియ్యి. ఆలోసించకు."

నూకరత్నం తలూపింది. నిజంగానే ఊపింది. ఆ క్షణాన పిల్ల పేరే చెబుదామనుకుంది.

వెల్ఫేరు బాబు, అంటే ఆ గుమాస్తా, బెంగాలీ కుర్రాడు. మర్యాదగా కుర్చీ చూపించాడు. జగ్గారావు కూర్చున్నాడు, ఆమె నిలబడింది. బాబు పాత కాగితాలు తిరగేసి, హిందీలో అడిగాడు: కూతురు గ్రాడ్యుయేట్, కొడుకు టెన్త్; కూతురికైతే ఆఫీసులోనే పని దొరకొచ్చు, కొడుకుకి ట్రాక్ మీదే; ఎవరి పేరు రాయమంటారు? జగ్గారావు నోరు తెరిచాడు. బాబు చెయ్యెత్తి ఆపి, ఆమె వంకే చూశాడు. మీరు చెప్పాలి అన్నాడు.

పదమూడేళ్ళలో బయటివాళ్ళు ఒకరు ఆమె మాట అడగడం అదే మొదలు.

"ఆడపిల్ల రేపు ఒకింటికి పోతాది," అన్నాడు జగ్గారావు తెలుగులో, మెల్లగా, నేల చూస్తూ. "జీతం ఆలింట్లో ఏస్తాది. మా తమ్ముడు పాణమెట్టిన నౌకరీ. ఆడి కొడుక్కి కాకపోతే ఇన్నేళ్ళు ఎందుకు దాసినట్టమ్మా?"

అతను దేనికన్నాడో గానీ, ఆ ఆఖరి మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నిజమే, ఎందుకు దాచినట్టు? ఆడపిల్లకి ఇవ్వచ్చంటే ఆడదానికీ ఇవ్వచ్చు. అంటే ఆ రోజే తానే ఎక్కవలసింది. అంటే గంజి తాగిన పొద్దుళ్ళు, చీలిన వేళ్ళు, పిల్ల మోచేతి మీద చిరుగు, ఏజెంట్ల గుమ్మాల దగ్గర నిలబడ్డ కాళ్ళు, ఏదీ అవసరం లేదు. ఎవరూ ఆమెను ముంచలేదు, తానే మునిగింది. పిల్ల పేరు చెప్పడమంటే ఆ మాట పైకి ఒప్పుకోవడం. దానికి తోడు ఇంకో భయం: బుజ్జిగాడు. ఈ ఒక్కటీ లేకపోతే వాడు ఏమైపోతాడు? పిల్లను ఏ ఊళ్ళో దింపినా సాయంత్రానికి పని వెతుక్కుంటుంది. వీడు పక్క వీధిలో తప్పిపోతాడు.

"బుజ్జిబాబు," అంది.

వెల్ఫేరు బాబు ఆ పేరు రాశాడు. ఆమె సంతకం పెట్టింది. అక్షరాలు వంకరపోలేదు. బయటికి వస్తే నడవాలో పోలమ్మ ఆమె మొహం చూసింది. పాన్ ఉమ్మడానికి కిటికీ వైపు తిరిగింది.

గేటు బయట జగ్గారావు ఖుషీగా ఉన్నాడు. శుభమా అని పనైతే ఉత్త చేతులతో ఇంటికెళ్తావా, పిల్లాడి నోరు తీపి చెయ్యమన్నాడు. మిఠాయి కొట్టు దాకా వచ్చి, రసగుల్లాల ముంత తానే ఎంచి, డబ్బుల దగ్గర పక్కకి తప్పుకున్నాడు. ఆమె కొంగుముడి విప్పి సిలిండరు కోసం దాచినది ఇచ్చింది. నాలుగు రసగుల్లాలు ఆకులో కట్టించుకుని మనవరాలికని జగ్గారావు పట్టుకుపోయాడు.

ఇంటికి చేరేసరికి సాయంత్రపు ఎండ రేకుల అంచున ఉంది. బుజ్జిబాబు లేడు. మౌనిక అడ్డంగా కట్టిన చీరను విప్పి పక్కకి తోసి, మంచం మీద జిప్పు సంచి పెట్టుకుని బట్టలు సర్దుతోంది. కబురు ముందే చేరింది. పెద్దనాన్న ఆనందం ఆపుకోలేక దారిలోనే అందరికీ ఫోన్లు చేశాడు.

నూకరత్నం ముంతను నేల మీద పెట్టింది.

"ఏటే అది?"

"హోసూరు. ఫోన్లు బిగించే ఫ్యాక్టరీ. హాస్టలు ఆలే ఇత్తారు. జెనీ కూడా వత్తంది." జెనీ పాత క్వార్టర్ల లైన్లో స్నేహితురాలు. "నెల కిందటే రమ్మన్నారు. ఈ రోజు అయ్యేదాకా ఆగుదారని ఆగినాను."

ఇది బెదిరింపు కాదు. బెదిరించేవాళ్ళు చెప్పులు కాగితంలో చుట్టి సంచి అడుగున పెట్టరు. నూకరత్నానికి అరవాలనిపించింది, చెంప మీద కొట్టాలనిపించింది, కాళ్ళు పట్టుకోవాలనిపించింది. గుమ్మాన్ని ఆనుకుని నిలబడిపోయింది.

"నువ్వెలాగైనా బతగ్గలవే. ఆడు బతకలేడు. అందుకే."

మౌనిక చేతిలోని చున్నీ మడత పూర్తి చేసింది.

"అయితే నానూ ఫెయిలైపోవల్సింది," అంది.

ఆ తరవాత పోట్లాట లేదు. పిల్ల మామూలు గొంతుతో ఇంటి పనులు అప్పజెప్పింది. రేషను శనివారం, మొదట్లోనే వెళ్ళకపోతే గోధుమలు పురుగువి వస్తాయి. కరెంటు ఇంటాయన ఎక్కువ చెబుతాడు, మీటరు చూసి ఇవ్వాలి. ట్యూషను పిల్లల తల్లి ఒకామె నెల డబ్బు ఆపింది, వెళ్ళి గట్టిగా అడగాలి. బుజ్జిగాడి ఫోను రీఛార్జి వాడే చూసుకుంటాడు, నువ్వు వెయ్యకు. నూకరత్నం ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఈ ఇల్లు తాను నడుపుతున్నాననుకుంది. ఎప్పటి నుంచో నడపడం లేదు.

"విడో పాసుంది గదా. దాని మీద ఎల్లొచ్చేమో అడుగుదును," అంది.

"టికెట్టు కొన్నాను."

ఆ ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ దూరపు బండికి టికెట్టు కొనలేదు. పెళ్ళిళ్ళకీ చావులకీ రైల్వే ఇచ్చే ఉచిత పాసు మీదే పోయారు, పాసు మీదే వచ్చారు. సొంత డబ్బు పెట్టి రైలెక్కుతున్న మొదటి మనిషి ఈ పిల్లే.

బయట టోటో హారను కొట్టింది. జెనీ లోపలి నుంచే తొంగి చూసి, ఆంటీ అని నవ్వబోయి మానేసింది. నూకరత్నం ఒక్కసారి కదిలి, ముంత మీది కాగితం చించి, ఒక రసగుల్లా వేళ్ళతో తీసి కూతురి నోటి దగ్గర పెట్టింది. పాకం మోచేతి దాకా కారింది. చీలిన వేళ్ళు మండాయి. మౌనిక ఒక్క క్షణం ఆ తీపి ఎందుకు వచ్చిందో తెలిసినట్టే చూసింది. తరవాత నోరు తెరిచింది. నిలబడే తిని, మూతి తుడుచుకుంది.

"బాగుంది," అంది. "ఎల్తానమ్మా."

సంచి ఒక భుజానికి వేసుకుని టోటో ఎక్కింది. టోటో యార్డు గోడ పక్కనుంచి, గోతుల్లో కుదుపుతూ పోయింది. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు, సంచి పడిపోకుండా రెండు చేతులా పట్టుకుని ఉంది.

చీకటి పడే వేళకి బుజ్జిబాబు వచ్చాడు. మంచం అవతల ఖాళీ చూశాడు. తల్లి పెట్టిన రసగుల్లాల గిన్నె ముట్టుకోలేదు. గోడకి జేరబడి కూర్చుని, "నాను ఒద్దనే అన్నాను గదమ్మా," అన్నాడు. తిట్టడానికి ఆమెకు ఓపిక లేదు. కొట్టడానికి కారణం లేదు. అన్నం పెడితే తిన్నాడు.

పాకం ఎండి చెయ్యి బంకగా ఉంది. నూకరత్నం లేచి వెనక తడిక చాటుకి కడుక్కోవడానికి వెళ్ళింది. బకెట్లో నీళ్ళు నిండుగా పట్టి ఉన్నాయి, పిల్ల పట్టి వెళ్ళినవే. గోడ గూట్లో సబ్బుముక్క పక్కన రూపాయి షాంపూ ప్యాకెట్టు ఒకటి ఉంది. సగమే వాడింది. మిగిలిన సగం కారిపోకుండా మూల రెండు మడతలు మడిచి, మడత మీద పిల్ల తలపిన్ను బిగించి, ఇంకో తలస్నానానికని గోడకి నిలబెట్టి ఉంది.